లేని కడుపుకు సంతకం

కాయితం మీద ఉన్నది ఒక్కటే వాక్యం. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. సౌందర్య దాన్ని పెబ్బేరు స్టేజీ దగ్గర నిలబడి రెండుసార్లు, గద్వాల బస్సెక్కి కిటికీ పక్కన సీటు దొరికాక మరోసారి చదివింది. ‘నేను ఈ తేదీ నాటికి గర్భవతిని కానని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.’ కింద పేరు, ఉద్యోగి నంబరు, సంతకానికి ఒక గీత. పది గంటలకల్లా విత్తన కంపెనీ ఆఫీసులో ఒప్పందాలు చూసే రమేష్ సార్ బల్ల మీద ఇది సంతకంతో ఉంటే, ఒకటో తారీకు నుంచి ఇంకో పదకొండు నెలలు ఆమెకు ల్యాబులో ఉద్యోగం ఉంటుంది. గీత ఖాళీగా ఉంటే ఉండదు. ఎల్లుండే ఒకటో తారీకు. కండక్టరు వచ్చి చెయ్యి చాపాడు, ఆమె పొరపాటున కాయితమే ఇవ్వబోయి, నాలుక కరుచుకుని ఆధార్ కార్డు తీసింది. అతను సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. బస్సు నిండా ఆడవాళ్లే, చంకల్లో సంచులు, ఒళ్లో సంచులు, కాళ్ల మధ్య సంచులు. ఆడదానివేనా అని ఒక కార్డు చూపించమంటారు, కడుపు లేనిదానివేనా అని ఇంకో కాయితం రాసిమ్మంటారు. కార్డు చూపించడానికి ఆమెకు ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. మరి దీనికెందుకు చెయ్యి రావడం లేదు?

పొద్దున భర్త నిరంజన్ అడిగింది అదే. వాకిట్లో కాలిపోయిన బోరు మోటారును విప్పి, రాగి తీగ చుట్టలు చుట్టలుగా బయటికి లాగుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. “నిజమే గద సౌందర్యా. లేదు గాబట్టి లేదని రాసిస్తున్నవ్. నిజానికి సంతకం పెడితే ఏమైతది?” చెడ్డవాడు కాదు. నాలుగేళ్లలో ఒక్కసారీ ఆమె మాట పెడచెవిన పెట్టినవాడు కాదు. ఏ తీగ ఎక్కడ తెగిందో చూసి, తెగినచోట కలిపితే మోటారు తిరుగుతుందని నమ్మే మనిషి. ఆమె పెన్ను తీసుకుంది కూడా. గీత మీద మొన ఆన్చింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. మనసింకా ఒక మాట అనుకోకముందే, కారణమింకా వెతుక్కోకముందే, చెయ్యి వద్దంది. వారానికి యాభై రిపోర్టుల మీద తడబడకుండా సంతకం చేసే చెయ్యి అది. నాలుగు వందల గింజలు, వందేసి చొప్పున తడి ఇసుక ట్రేల్లో పెట్టి, నాలుగో రోజు ఒకసారి, పన్నెండో రోజు మరోసారి లెక్కించి, మంచి మొలకెన్ని, వంకర మొలకెన్ని, చచ్చిన గింజలెన్ని అని రాసి, కింద ఆమె పేరు పడితే, ఆ విత్తనం సంచులకెక్కి ఊళ్లకు పోతుంది. పడకపోతే గోదాములో ఆగిపోతుంది. తన సంతకం బరువెంతో ఆమెకు తెలుసు. కాయితం మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకుని, “బస్సుల పెడత” అంది. “బస్సు ఊగుతది, గీత దాటిపోతది జూడు” అని అతను నవ్వాడు.

ఊగుతోంది నిజంగానే. పెద్ద రోడ్డు మీదికి వచ్చాక ఊగడం తగ్గింది. లారీలు పక్కనుంచి హోరుమని పోతున్నాయి. ఇంతకీ తాను చేసిన నేరం ఒక ప్రశ్న అడగడం. పది రోజులయింది. ఉగాదికి వాళ్లిద్దరూ అనుకున్నారు, ఈ ఏడు మాత్రలు మానేద్దామని. అనుకున్నప్పుడు ఆమెకు సిగ్గు రాలేదు, కళ్లలో నీళ్లూ రాలేదు. లెక్క వచ్చింది. ఎప్పుడు మానితే ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు నిలిస్తే ఎప్పుడు కాన్పు, అప్పటికి ఒప్పందంలో ఎన్నో నెల, కాన్పయ్యాక ఇంట్లో ఉన్నన్నాళ్లూ జీతం వస్తుందా. మధ్యాహ్నం అన్నం తిన్నాక ట్రేల గదిలో కూర్చుని ఫోనులో చదువుకుంది. కాన్పు తేదీకి ముందు ఏడాదిలో ఎనభై రోజులు పనిచేసి ఉంటే చాలునట, ఇరవై ఆరు వారాలు జీతంతో సెలవట. పనిలో చేర్చుకునే రోజునే ఈ సంగతి యజమాని రాసి ఇవ్వాలట. మూడేళ్లలో ఆమెకు ఎవరూ ఏమీ రాసివ్వలేదు. ఇచ్చింది తెల్లకోటు, ఒక తాళం చెవి. సరే, రాసివ్వలేదు, పోయి అడుగుదాం అనుకుంది. ఒప్పందం పదకొండు నెలలు. ప్రతిసారీ ఒప్పందం రాయించుకునే ఏజెన్సీ పేరు మారుతుంది, మనుషులు మారరు. పేరు మారినప్పుడల్లా ఆ ఎనభై రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారా? సెలవులో ఉండగా ఒప్పందం ముగిస్తే జీతం ఆగుతుందా? ఈ రెండే. బస్సు ఎన్నింటికి అని అడిగినంత మామూలుగా అడిగింది.

రమేష్ సార్ కంప్యూటరు మీంచి తల తిప్పి, మొదట ఆమె మొహం వైపు కాక పొట్ట వైపు చూశాడు. ఆ చూపు ఆమె జన్మలో మరచిపోదు. చూపు కిందికి దిగి, అక్కడ కాసేపు ఆగి, మళ్లీ పైకి ఎక్కింది, మెట్లు దిగి నేలమాళిగ తాళం చూసి వచ్చిన కాపలావాడిలాగ. “ఎన్నో నెల?” అన్నాడు. “ఇంకా లేదు సార్.” “లేకుంటే ఎందుకడుగుతున్నవ్?” ఇందులో వెటకారం కూడా లేదు. నిజంగానే అతనికి అర్థం కాలేదు. జరగబోయే దాని గురించి మనిషి ముందే తెలుసుకుంటుందన్నది, అందులోనూ ఆడమనిషి, అందులోనూ కడుపు సంగతి, అతని తలకు ఎక్కే సరుకు కాదు. అదే మనిషి ప్లాటుకు ఇంకా రిజిస్ట్రేషను కాకముందే బ్యాంకులో వడ్డీ ఎంతో కనుక్కున్నాడు. కారు కొనకముందే మైలేజీ ఎంతిస్తుందో నలుగురిని అడిగాడు. అప్పుడెవరూ కారెక్కడుందని అతని నడుం కింద వెతకలేదు. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ యవ్వారం” అని నవ్వి, పక్క బల్ల ఆయన వైపు చూశాడు. పక్క బల్ల ఆయన కూడా నవ్వాడు. సౌందర్య కూడా నవ్వింది. ఆ నవ్వినందుకే ఈ పది రోజులూ తనను తాను తిట్టుకుంటోంది. వాళ్లు నవ్వితే మనమూ నవ్వడం ఎక్కడ నేర్చుకున్నాం? ఏ క్లాసులో?

అడిగిందంటే ఉన్నట్టే. ఈ సూత్రం ఆఫీసు గడప దాటి, గోదాము దాటి, హమాలీల చాయ్ బండి దాటి, రెండు రోజుల్లో కృష్ణ కూడా దాటి పెబ్బేరు చేరింది. కంపెనీకి రైతులను కుదిర్చే ఒకాయన అత్తకు వరసకు తమ్ముడవుతాడు. సంతలో కనపడి, “నీ కోడలు నీళ్లోసుకుందంట గదక్కా, మాకు జెప్పవా” అన్నాడట. ఆ సాయంత్రం సౌందర్య బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి అత్త జోగమ్మ గడపలో నిలబడి ఉంది. చేతిలోంచి సంచి అందుకుంది. నాలుగేళ్లలో ఎన్నడూ అందుకోలేదు. మరునాడు నీళ్ల బిందె ముట్టుకోనివ్వలేదు. చింతచిగురు ఎండబెట్టింది ఎక్కడిదో తెచ్చి పప్పులో వేసింది. పొయ్యి ముందు కూర్చుని తనలో తాను ఏదో పాట లాంటిది గొణుక్కుంది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కాని ఆ బిందె దించిన చేతులు, ఆ పప్పు, ఆ పాట, ఎవరికి చేదు? ఒక్క రోజు, రెండు రోజులు, లేని బిడ్డ పేరు మీద దొరికిన ముద్దును ఆమె దొంగతనంగా అనుభవించింది. నాలుగో రోజు చెప్పేసింది. “అత్తమ్మా, నాకు కడుపు లేదు. ఆఫీసుల సెలవు సంగతి అడిగిన, అంతే.” జోగమ్మ చేటలో బియ్యంలోంచి ఒక రాయి ఏరి పారేసింది. తరువాత అంది: “లేని దాన్ని గురించి నలుగుట్ల అడుగుతరా బిడ్డా? పుట్టకముందు మేము బొంత గూడ కుట్టం. ముందుగాల తయారు పెట్టుకుంటే మీదున్నోడు ఇంటడు.” వింటే విననీ అనుకుంది సౌందర్య, నాకు జవాబు వాడైనా చెప్పనీ. కాని పైకి అనలేదు. అత్తకు నిరంజన్‌కు ముందు ఇద్దరు పోయారని ఆమెకు తెలుసు. ఆ ఇద్దరిలో రెండోదానికి బొంత కుట్టి పెట్టిందట. అందుకే ఆ భయం. ఎప్పటి దుఃఖమో ఆచారంగా మారి చేటలో కూర్చుంది. అత్త భయాన్ని ఆమె గౌరవించగలదు. రమేష్ సార్‌ది భయం కాదు. అతను మీదున్నవాడూ కాదు. అయినా విన్నాడు. విని, మొన్న ఈ కాయితం చేతికిచ్చాడు.

బీచుపల్లి వంతెన మీదికి బస్సు ఎక్కింది. కిందికి చూసింది. ఈ ఏడు నీళ్లు బాగానే ఉన్నాయి, ఎర్రగా, బండల మీంచి జారిపోతున్నాయి. ఎవరో రూపాయి విసిరారు కిటికీలోంచి. వంతెన దిగితే అటువైపు గాలి మారుతుంది, లేదా మారినట్టు ఆమెకు చిన్నప్పటి నుంచీ అనిపిస్తుంది. అది తన పుట్టింటి వైపు. ఎర్రవల్లి చౌరస్తా దాటాక రోడ్డుకు రెండు పక్కలా విత్తన పత్తి. ఇప్పుడే ఎండ ముదురుతోంది. పత్తి సాళ్లలో ఆడవాళ్లు నడుములు వంచి పోతున్నారు, మగ పూలు సంచిలో, ఒక్కొక్క ఆడ పువ్వు మీద ఒక్కొక్కటి రుద్దుకుంటూ. నిన్న సాయంత్రం వాళ్లే మొగ్గలు గిల్లి సిద్ధం చేసి ఉంటారు. పొద్దున రెండు మూడు గంటలే దానికి అదను. అమ్మ జములమ్మ ఇరవై సీజన్లు ఈ పని చేసింది. తమ్ముడు పుట్టింది ఈ సీజనులోనే. పదకొండో రోజు పురుటి స్నానం చేసి, పన్నెండో రోజు పొద్దున్నే సాళ్లలో నిలబడింది. గట్టు మీద వేపకొమ్మకు కట్టిన చీర ఊయలలో తమ్ముడు, ఊపడానికి ఏడేళ్ల సౌందర్య. వాడేడిస్తే అమ్మ రావాలి. అమ్మ వస్తే సాలు వెనకబడుతుంది. వెనకబడితే మేస్త్రి అరుస్తాడు. కాబట్టి ఏడవనివ్వకూడదు. ఏడేళ్ల పిల్లకు ఇది ఎవరూ చెప్పలేదు, దానంతటదే తెలిసింది. వాడి నోట్లో తన వేలు పెట్టేది. అమ్మకు మగ పూలు అందించి పుప్పొడి అంటుకున్న పసుపుపచ్చ వేలు, వాడు దాన్ని చీకి, ఏమీ రాక, ఆశ్చర్యపోయి ఆమెను చూసేవాడు. అమ్మ రవికె ముందు భాగం తడిసి, ఎండి, అట్ట కట్టేది. దూరం నుంచి ఆ తడి మచ్చ కనిపించేది. పాలు అక్కడ, నోరు ఇక్కడ, మధ్యలో ఎవరిదో పత్తి. మొన్న ఫోనులో ఇరవై ఆరు వారాలు అని చదివినప్పుడు ఆమెకు గుర్తొచ్చింది ఆ మచ్చ. కోపం వచ్చింది కూడా అప్పుడే. సెలవు మీద ఆశ కన్నా ముందు కోపం వచ్చింది.

బిడ్డ కావాలా తనకు? కావాలి. పొద్దున కావాలనిపిస్తుంది, బస్సులో ఇరుక్కుని నిలబడ్డప్పుడు వద్దనిపిస్తుంది, ట్రేలు లెక్కపెడుతున్నప్పుడు అసలు గుర్తే ఉండదు, ఎవరి బిడ్డో ఎదురు సీటులోంచి తన వేలు పట్టుకుంటే ఒంట్లో ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంటుంది. ఇవన్నీ కలిపితేనే కావాలనడం. ఈ ఊగులాటను ఎవరూ ఒప్పుకోరు. కడుపంటే ఆడదానికి ఎప్పుడూ ఒకటే ఆనందం ఉండాలంటారు. పెండ్లయిన ఏడాదికి ఇరుగుపొరుగులో ఒకామె, “పొలం మంచిదే, ఇత్తనమే పడలేదో ఏమో” అని మెల్లగా అన్నప్పుడు సౌందర్యకు నవ్వొచ్చింది. విత్తనం గొప్పతనం గురించి తనకు ఒకరు చెప్పాలా? వందలో ఇరవై చచ్చిన గింజలే. తాను పొలం కాదు. పొలానికి పొద్దున్నే బస్సెక్కి పోయే బుద్ధి ఉండదు. పొలం ఎనభై రోజులు లెక్కపెట్టుకోదు. తాను లెక్కపెట్టుకుంది, అదే అందరికీ ఎబ్బెట్టుగా ఉంది. లెక్క తెలిస్తే ముద్దు పోతుందనుకుంటారు కాబోలు. ల్యాబులో పనిచేసిన ప్రేమలత లెక్క తెలియక ఉద్యోగం పోగొట్టుకుంది. పోయినేడు ఆమెకు అయిదో నెల. కడుపు కనబడుతోందనగా ఒప్పందం ముగిసింది, కొత్త జాబితాలో పేరు రాలేదు. వట్టిగానే రాలేదు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఏమీ అనలేదు. టిఫిన్ డబ్బా అలమారలో మరచిపోయి, దానికోసం కూడా మళ్లీ రాలేదు. ఆ డబ్బా ఇంకా అక్కడే ఉంది. కాబట్టి భయం లేదని సౌందర్య అనుకోవడం లేదు. భయం ఉంది. నిరంజన్ దుకాణం ఎండాకాలమే నడుస్తుంది, వానలు పడితే మోటార్లు కాలవు. సంతకం పెట్టకపోతే ఆమె డబ్బా కూడా అలమారలో ఉంటుంది.

చేతిలో కాయితం మళ్లీ ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదు. పక్క సీటులో ఉన్న ముసలామె చాలాసేపటి నుంచి దాని వైపే చూస్తోంది. ముక్కుకు పెద్ద నత్తు, ఒళ్లో మూతి కట్టిన బుట్ట. బుట్టలో ఏదో కదులుతోంది, కోడిపెట్ట కాబోలు.

“ఏం కాయిదం బిడ్డా అది? పింఛనుదా?”

“కాదవ్వా, ఆఫీసుది.”

“ఏమని రాసిండ్రు? నాకు సదువు రాదు.”

సౌందర్య చెప్పాలనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. “నాకు కడుపు లేదని నేను రాసియ్యాల్నంట.”

ముసలామె కాసేపు ఆ మాటను నోట్లో నమిలింది. “ఎవలకు?”

“ఆఫీసోళ్లకు.”

“వాళ్లెవలు నీకు? మంత్రసానులా?”

ముందు సీటులో ఇద్దరు ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. సౌందర్య నవ్వాపుకుని, నిరంజన్ మాటనే ముసలామె ముందు పెట్టి చూసింది. “లేనిమాట నిజమే గదవ్వా. నిజానికి సంతకం పెడితే ఏమైతది అంటుండు మా ఆయన.”

“ఇయ్యాల లేదని రాసిస్తవ్. రేపు ఉంటే? మల్ల ఉరికి ఉందని రాసియ్యాల్నా? నెలనెలా వాళ్లకు బట్ట జూపియ్యాల్నా ఏంది?” బుట్టలో కోడి గొణిగింది, ముసలామె దాని నెత్తి మీద ఒకటి వేసింది. “నీ మొగనికి గూడ ఇచ్చిండ్రా గిట్లాంటిది ఒగటి?”

“ఆయనది వేరే పని అవ్వా. సొంత దుకాణం.”

“గట్లనా. అదృష్టమంతుడు” అని ఆమె మెడ వాల్చి, రెండు నిమిషాల్లో గురక పెట్టింది.

నెలనెలా బట్ట. ఆ మాట సౌందర్య లోపల ఎక్కడో గట్టిగా తగిలింది. దాని వెంట, ఏ సంబంధమూ లేనట్టు, బాలన్న మొహం గుర్తొచ్చింది. ల్యాబులో ఆమెకు పని నేర్పిన పెద్దాయన, ఇప్పుడు రిటైరయి కొల్లాపూర్ వైపు ఎక్కడో ఉన్నాడు. శాంపిల్ సంచి ఆఫీసుకు వచ్చినప్పుడు దాని మీద రైతు పేరు, ఊరు ఉంటాయి. ల్యాబు గడప దాటే ముందు ఆ చీటీ చింపేసి, ఒక నంబరు వేస్తారు. లెక్కపెట్టే మనిషికి అది ఎవరి గింజో తెలియకూడదు. చేరిన మొదటి నెలలో ఆమె రిజిస్టరు తెరిచి చూసింది, ఒక నంబరు తన మేనమామదని తెలుసుకుంది. తెలుసుకుని ఏమీ చెయ్యలేదు. ఒట్టు. చేయాలనుకోలేదు కూడా. కాని ఆ ట్రేలో వంకర మొలకలు కొన్ని ఆమె కంటికి చక్కగానే కనిపించాయి. బాలన్న తిరిగి లెక్కపెట్టి, తొమ్మిది తక్కువ చూపించాడు. ఆమె ఏడ్చింది, నేను దొంగను కాను బాలన్నా అంది. “నీ చెయ్యి దొంగది గాదు బిడ్డా,” అన్నాడు ఆయన, “నీకు తెలిసుడే దొంగ. తెల్వకుంటే చెయ్యి సక్కగనే పోతది.”

బస్సు ఒక గుంతలో పడి లేచింది. సౌందర్య నిటారుగా కూర్చుంది. ఇదీ జవాబు. పొద్దున వాకిట్లో చేతికి తెలిసి నోటికి తెలియనిది ఇదే. నిజమే నిరంజన్, కాయితం మీద ఉన్నది నిజమే. కాని ఆ నిజం వాళ్లకు తెలియాల్సింది కాదు. తెలిస్తే వాళ్ల చెయ్యి వంకర పోతుంది. లేదని రాసిన వాళ్ల పేర్లు ఒక వరసలో, రాయని వాళ్ల పేర్లు ఇంకో వరసలో పడతాయి. ఈ నెల లేదని తాను పెట్టే సంతకమే, వచ్చే నెల ఉన్న ఇంకొకామె మెడకు తగులుతుంది. తాను నిజం రాస్తే, రాయలేకపోయిన ఆమె దొరికిపోతుంది. ప్రేమలత ముందు ఈ కాయితం పెట్టి ఉంటే ఏం చేసేది? ఒకరు నోరు విప్పకుండా ఉంటే అది దాచడం. అందరూ విప్పకుండా ఉంటే అది హద్దు. మొగ్గ గిల్లేవాళ్లను, పువ్వు రుద్దేవాళ్లను, ఊయల కట్టేవాళ్లను అందరూ చూడొచ్చు, లెక్కపెట్టొచ్చు, అరవొచ్చు. ఈ ఒక్క గది మాత్రం తనది, దాని తాళం చెవి ఎవరి గొలుసుకూ వేలాడదు. ఇంత సులువైన మాటకు ఇన్ని రోజులు పట్టింది. ఇప్పుడు ఒళ్లంతా వేడిగా ఉంది, భయంతోనో కోపంతోనో విడదీయలేదు, విడదీయాలని కూడా లేదు. భయపడుతూనే వద్దనొచ్చు. భయం పోయాక చెబుదామంటే ఏ ఆడదీ ఏనాడూ ఏదీ వద్దని అనేది కాదు.

గద్వాల బస్టాండులో దిగి, సిమెంటు బెంచీ మీద కూర్చుని, టిఫిన్ డబ్బాను బల్లగా పెట్టుకుని రాసింది. అక్షరాలు గుండ్రంగా, రిపోర్టుల మీద రాసినట్టే. తన పని దినాలు ఏ తేదీ నుంచి లెక్కిస్తున్నారు, ఏజెన్సీ పేరు మారితే ఆ లెక్క ఏమవుతుంది, ప్రసూతి సెలవులో ఉండగా ఒప్పందం ముగిస్తే జీతం ఎవరు ఇస్తారు, కంపెనీయా, ఏజెన్సీయా, ఈఎస్ఐయా. రాతపూర్వకంగా తెలుపగలరు. సంతకం. బెంచీ ఊగలేదు, గీత దాటలేదు.

పదికి అయిదు నిమిషాలు తక్కువగా రమేష్ సార్ బల్ల ముందు నిలబడి రెండు కాయితాలు పెట్టింది. అతను మొదటిది తిప్పి చూశాడు, ఖాళీ గీతను గోటితో తట్టాడు. “సంతకమేదమ్మా?”

“రెండో కాయితం మీదుంది సార్.”

చదివాడు. మొదట వేగంగా, తరువాత మెల్లగా. గొంతు తగ్గించాడు. “సూడు సౌందర్యా, నేను నీ అన్నలాంటోణ్ణి. ఇవన్నీ ఎందుకు? ఉందా లేదా, గదొక్కటి నా చెవిల జెప్పు. ఎవలకు జెప్ప.”

అప్పుడు ఆమెకు తెలిసింది, ఈ పది రోజుల్లో తాను పడ్డదానికన్నా ఎక్కువ అతను పడుతున్నాడని. తెలియకపోవడం అతను ఓర్చుకోలేడు. “మీకు తెల్వకుంటేనే మీరు లెక్క సక్కగ పెడతరు సార్.”

“ఒకటో తారీకు లిస్టుల నీ పేరు ఉండాల్నా వద్దా?”

“తీసేస్తే ఎందుకు తీసేసిండ్రో దీని కిందనే రాసి, మీరు సంతకం పెట్టున్రి సార్. నిజానికి సంతకం పెడితే ఏమైతది?” తన గొంతు వణికింది. వణకనీ అనుకుంది. “ఇది అందినట్టు ముద్ర వేసి నాకొక జిరాక్స్ ఇయ్యున్రి.”

ఇక్కడితో తలుపు మూసుకుంటుందని అనుకుంది. మూసుకోలేదు, తెరుచుకోనూ లేదు. అతను ముద్ర కోసం సొరుగులో వెతికాడు, దొరికింది, వేశాడు, లిస్టు సంగతి సాయంత్రం చెబుతానన్నాడు. ఆమె తెల్లకోటు వేసుకుని ట్రేల ముందు కూర్చుంది. ఒకటి, రెండు, మూడు. జిరాక్స్ పక్కన పెట్టుకుంది. పక్క ట్రేలు చూసే ప్రియ, ఇరవై రెండేళ్లది, ఇంకా పెండ్లి కానిది, మెడ సాచి అంతా చదివింది. చదివి ఏమీ అనకుండా దాన్ని తీసుకుని బయటికి పోయింది. పావుగంటకు వచ్చింది, చేతిలో వేడి వేడి కాయితాల కట్టతో. “నీ పేరున్న కాడ తెల్లకాయితం అడ్డంపెట్టి తీయించిన అక్కా. నేను గూడ ఇస్త.”

“నీకు పెండ్లే కాలేదు గదనే.”

“అందుకే గద. అడిగినోళ్లందరికి కడుపే అనుకుంటే, నాకు ఎవరు జేసిండ్రో ఆ సారే ఎతుక్కోవాలె.”

గింజలు ఏరే హాలులోకి ఆ కట్ట ఎప్పుడు పోయిందో సౌందర్య చూడలేదు. ఆమె ట్రేలోంచి తల ఎత్తలేదు. ఎత్తితే లెక్క తప్పుతుంది. కాని చెవులు హాలులోనే ఉన్నాయి. జల్లెడలు ఒక్కొక్కటిగా ఆగడం, పెన్ను ఎవరిదని అడుక్కోవడం, వేలిముద్ర చాలా అని ఒక గొంతు, చాలు చాలు అని ఇంకో గొంతు. పన్నెండవుతుండగా తల ఎత్తేసరికి రమేష్ సార్ హాలు తలుపులో నిలబడి ఉన్నాడు. చేతిలో పద్నాలుగు కాయితాలు. వాటిని పేకముక్కల్లా అటు ఇటు తిప్పుతున్నాడు. అతని చూపు ఈసారి ఎవరి పొట్ట మీద ఆగాలో తెలియక వరస పొడుగునా పోయి, వెనక్కి వచ్చింది.

“ఇందుల నిజంగ ఎవలికున్నదమ్మా?”

జల్లెడలు మళ్లీ కదిలాయి. మూలన చీపురు పట్టుకుని ఉన్న ఈదమ్మ, పిల్లలు కాకుండా ఆపరేషనై పదహారేళ్లయినామె, మనుమలను ఎత్తినామె, నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా నిటారయింది.

“నాకే సారూ,” అంది, “రాసుకోండ్రి.”